పాత ఫైబర్ బోటుకు కొత్త మోటారు: ముందు బోటును తూచండి

(విశాఖపట్నంలో వేట నిషేధ సమయంలో బోటు యజమానులు, ఫైబర్ పనివాళ్ల కోసం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి. పాత ఫైబర్ బోటును బాగుచేసుకోవడానికి ఏడాదిలో ఇంతకన్నా మంచి అదను దొరకదు. ఎండ ఉంటుంది, ఆరబెట్టడానికి రోజులు ఉంటాయి, జూన్ మధ్యకి వానలు దిగేలోపు పని తేల్చుకోవచ్చు. కానీ చాలామంది ఈ రెండు నెలల్లో మొట్టమొదట చేసే పని మోటారు షాపుకి వెళ్లడం. అక్కడ "ఎన్ని హార్స్‌పవర్ కావాలి?" అని అడుగుతారు. పక్కవాడి బోటుకి ఎంతుందో అదే చెప్పి వచ్చేస్తారు. ఆ ప్రశ్నకి జవాబు పక్కవాడి దగ్గర లేదు, మీ బోటు బరువులో ఉంది. పాత బోటు బరువు ఎంతో దాని యజమానికి కూడా సరిగా తెలియదు. అందుకే మోటారు సంగతి చివర్లో చెబుతాను. ముందు బోటు.

ఇక్కడ నేను మాట్లాడేది 22 నుంచి 26 అడుగుల తెరిచి ఉన్న ఫైబర్ బోట్ల గురించి. పెదజాలారిపేట, మంగమారిపేట, భీమిలి, పూడిమడక లాంటి చోట్ల ఇసుక మీదకి లాగేవి, హార్బర్‌లో కట్టేవి, రెండూ. ఈ తేడా చివరిదాకా గుర్తుపెట్టుకోండి. రంగు దగ్గర నుంచి మోటారు దాకా ప్రతి నిర్ణయం దాన్ని బట్టి మారుతుంది.

ఫైబర్ కుళ్లదు అంటారు. నిజమే, ఫైబర్ కుళ్లదు. కానీ ఫైబర్ లోపల దాచిన చెక్క కుళ్లుతుంది, ఫోమ్ నీరు తాగుతుంది. మోటారు బిగించే అమరం పలకలో ప్లైవుడ్ ఉంటుంది. అడుగున పొడుగునా వేసిన దూలాల లోపల చెక్కో ఫోమో ఉంటుంది. కూర్చునే అరల కింద, తేలడానికని నింపిన ఫోమ్ ఉంటుంది. పైనుంచి చూస్తే బోటు గట్టిగానే కనిపిస్తుంది. లోపల మాత్రం ఏళ్ల తరబడి తాగిన ఉప్పునీరు ఉంటుంది. ఒక ఘనపుటడుగు చోటు నిండా నీరు చేరితే 28 కిలోలు. అలాంటివి ఆరు ఘనపుటడుగులు నీరు తాగితే 170 కిలోలు. అంటే ఇద్దరు మనుషుల్ని, పైగా ఒక మంచు పెట్టెని రోజూ ఊరికే మోస్తున్నట్టు. అదంతా మీ డీజిలూ పెట్రోలే.

కాబట్టి మొదటి రోజే బోటును తూచండి. ట్రాలీ మీద ఎక్కించి లారీ కాటా మీదకి తీసుకెళ్లండి. ట్రాలీని విడిగా తూచి ఆ బరువు తీసేయండి. క్రేన్ అందుబాటులో ఉంటే హుక్ కాటా ఇంకా తేలిక. కాగితం మీద రాసుకోండి. పని అయ్యాక మళ్లీ తూచండి. ఈ రెండు అంకెల మధ్య తేడాయే మీరు చేసిన పనికి అసలు కొలత.

నీరు ఎక్కడుందో కనిపెట్టడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. చిన్న సుత్తి పిడితో బోటంతా తట్టుకుంటూ వెళ్లండి, జానెడు జానెడు దూరంలో. గట్టిగా ఉన్నచోట ఖణేల్‌మంటుంది. పొరలు విడిపోయినా, చెక్క మెత్తబడినా మందంగా దబ్‌మంటుంది. అలాంటి చోట చాక్‌పీసుతో గీత గీయండి. అమరం పలక దగ్గర తట్టడంతో సరిపెట్టుకోకండి. లోపలి వైపు నుంచి 6 మిల్లీమీటర్ల బిట్‌తో నాలుగైదు చోట్ల చిన్న రంధ్రాలు వేయండి. బయటి పొర తగలకుండా, కింది భాగంలో, పాత బోల్టు రంధ్రాల పక్కన. పొడి లేత రంగులో, పొడిపొడిగా వస్తే మంచిది. నల్లగా, తడిగా, పుల్లటి వాసనతో వస్తే ఆ పలక పోయినట్టే. నీరు కింద నుంచి పైకి ఎక్కుతుంది కనుక పైభాగం బాగుందని మోసపోవద్దు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఒడ్డు దాటినప్పుడు దెబ్బతిన్న బోట్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అలాంటి పాత బోటు కొనేటప్పుడు బయటి పగుళ్లను జాగ్రత్తగా చదవండి. నక్షత్రంలా ఒక చుక్క నుంచి చుట్టూ చీలితే అక్కడ ఏదో గుద్దింది. పక్కపక్కనే గీతల్లా ఉంటే ఆ చోట బోటు ప్రతి అలకీ వంగుతోంది. మొదటిదానికి అతుకు చాలు. రెండోదానికి అతుకు వేస్తే ఆరు నెలల్లో మళ్లీ అక్కడే చీలుతుంది. లోపల దూలం ఊడిందేమో చూడాలి, దాన్ని ముందు కట్టాలి. పైన పుట్టీ పూసి రంగు వేసి అమ్మే బోట్లలో దాచేది ఎక్కువగా ఈ రెండో రకమే.

తడిసిన ఫోమ్‌ని ఆరబెట్టలేం. కోసి తీసేయాల్సిందే. కొత్తది నింపేటప్పుడు ఒక మాట గట్టిగా చెబుతున్నాను: థర్మోకోల్ మీద నేరుగా పాలియెస్టర్ రెజిన్ (ఫైబర్ పొరల్ని అంటించే జిగురు ద్రవం) వేయకండి. రెజిన్‌లో ఉండే స్టైరిన్ థర్మోకోల్‌ని కరిగించేస్తుంది. పైన పొర గట్టిపడ్డాక లోపల ఖాళీ గుల్ల మిగులుతుంది, ఆ గుల్లలోకి మళ్లీ నీరు. పాలీయురేథేన్ ఫోమ్ వాడండి. అరలో అడుగున ఒక మురుగు దారి ఉంచండి, చేరిన నీరు వెళ్లిపోవడానికి. ఫోమ్‌ని అంచులదాకా మూసేసి నీటికి దారి లేకుండా చేయడమే పాత బోట్లలో జరిగిన తప్పు.

ఇప్పుడు అమరం పలక. దీని మీద ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మోటారు తోసే బలమంతా దీని మీదే పడుతుంది. బయటి ఫైబర్ పొరను ముట్టుకోవద్దు. లోపలి పొరను అంచు చుట్టూ రెండంగుళాలు వదిలి గ్రైండర్‌తో కోయండి. కుళ్లిన ప్లైని ఉలితో చివరి ముక్కదాకా తీయండి. లోపలి ముఖాన్ని 36 లేదా 40 గ్రిట్ డిస్క్‌తో, తెల్లటి ఫైబర్ కనిపించేదాకా గీకండి. తరవాత ఆరనివ్వాలి. ఆరిందో లేదో తెలియాలంటే అడుగు పొడుగు, అడుగు వెడల్పు పాలిథిన్ ముక్కని నాలుగు అంచులా టేపు వేసి అంటించి రాత్రంతా వదిలేయండి. తెల్లారి లోపల చెమట పట్టి ఉంటే ఇంకా తడి ఉన్నట్టు. మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ కనుక ఎండలో పడేస్తే చాలదు, గాలి ఆడాలి. నీడన ఫ్యాను పెట్టడం మంచిది. రెండు వారాలు దీనికే కేటాయించండి. ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా.

కొత్త ప్లై ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అయ్యుండాలి. 18 లేదా 19 మిల్లీమీటర్లవి రెండు, మధ్యలో ఒక పొర మ్యాట్ (నేయని గాజు పోగుల పొర) రెజిన్‌తో తడిపి అతికిస్తే 38 దగ్గరకి వస్తుంది. మోటారు క్లాంపులు పట్టడానికి ఆ మందం సరిపోతుంది. అంచుల్లో ప్లై పొరలు తెరుచుకుని ఉంటాయి, నీరు దూరేది అక్కడే. వాటికి పల్చటి రెజిన్ రెండుసార్లు తాగించండి. బయటి పొరకీ ప్లైకీ మధ్య రెజిన్‌లో ఏరోసిల్ (చిక్కబరిచే పొడి), తరిగిన ఫైబర్ కలిపిన ముద్ద దట్టంగా పట్టించి, రెండు చెక్క బద్దలు అడ్డం పెట్టి బోల్టులతో బిగించాలి. ముద్ద నాలుగు అంచుల నుంచీ బయటికి పొంగాలి. పొంగకపోతే లోపల గాలి గది ఉన్నట్టు. ఖర్చు తగ్గుతుందని ముద్దలో చాక్ పొడి కలుపుతారు. అది నీరు తాగుతుంది. పుట్టీకి తప్ప వాడొద్దు, నీటి గీత కింద అసలే వద్దు.

మూలల్లో ముద్దతో గుండ్రంగా తిప్పండి. ఫైబర్ మ్యాట్ లంబకోణంలో మడత పడదు, మూలలో గాలి మిగులుతుంది. ఆ తరవాత లోపలి వైపు 450 గ్రాముల మ్యాట్, 600 గ్రాముల ఊవెన్ రోవింగ్ (గాజు పోగులతో నేసిన గుడ్డ) మార్చి మార్చి నాలుగైదు పొరలు. ప్రతిదీ పక్క గోడల మీదకి కనీసం నాలుగంగుళాలు ఎక్కాలి. అమరం పలక నుంచి పొడుగు దూలాలకి ముక్కోణపు బ్రాకెట్లు రెండు వేయండి. మోటారు తోపు పలక మీదే ఆగిపోకుండా బోటంతటికీ వెళ్లాలంటే అవి ఉండాలి.

రెజిన్ కలపడంలో మన ఎండే పెద్ద చిక్కు. కిలో రెజిన్‌కి హార్డ్‌నర్ (దాన్ని గట్టిపరిచే మందు) 10 నుంచి 20 గ్రాములు. ఉదయం ఏడింటికి 15 గ్రాములు వేస్తే వచ్చే పని సమయం, మధ్యాహ్నం 36 డిగ్రీల్లో 10 గ్రాములు వేసినా రాదు. అలాగని 10 కన్నా తగ్గించకండి. పైకి గట్టిగా కనిపిస్తుంది కానీ లోపల పూర్తిగా పాకానికి రాదు, ఎన్ని రోజులున్నా మెత్తగానే ఉంటుంది. ఎండ ముదిరితే హార్డ్‌నర్ తగ్గించడం కాదు, పని ఆపాలి. ఉదయం ఆరు నుంచి పది, మళ్లీ నాలుగు దాటాక. ఒకేసారి మూడు నాలుగు పొరలకి మించి వేయకండి. మందం పెరిగితే లోపలి వేడి బయటికి పోదు, పొగలు వచ్చి పొర వంకర తిరుగుతుంది. కలిపిన రెజిన్‌ని లోతైన డబ్బాలో వదిలినా అంతే. వెడల్పాటి ట్రేలో పోసుకోండి.

యాక్సిలరేటర్ అంటే రెజిన్ తొందరగా గట్టిపడడానికి కలిపే కోబాల్ట్ నీలం ద్రవం. కొన్ని రెజిన్లలో ముందే కలిపి వస్తుంది, కొనేటప్పుడు అడగండి. విడిగా కలపాల్సి వస్తే ముందు దాన్ని రెజిన్‌లో బాగా తిప్పేయాలి, ఆ తరవాతే హార్డ్‌నర్. కోబాల్ట్, హార్డ్‌నర్ రెండూ నేరుగా కలిస్తే పేలుతుంది. రెండు సీసాలూ ఒకే పెట్టెలో పెట్టకండి, ఒకే కొలత గ్లాసు వాడకండి. హార్డ్‌నర్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు లేకుండా ఎవరినీ కొలవనివ్వకండి. 2023 నవంబరు 19 రాత్రి మన ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఎలా తగలబడ్డాయో మీరంతా చూశారు. ఫైబర్ అంటుకుంటే ఆపడం కష్టం. ఎసిటోన్, రెజిన్, హార్డ్‌నర్ ఉన్నచోట బీడీ వద్దు, వెల్డింగ్ వద్దు, బోట్లు ఒకదానికొకటి ఆనించి పెట్టొద్దు.

అడుగున చిల్లు పడితే చేసే తప్పు ఒకటే: చిల్లు సైజుకి ముక్క కత్తిరించి అతికించడం. ఆ ముక్కని పట్టుకునేది అంచు మాత్రమే, నాలుగు అలలకి ఊడుతుంది. అంచుని వాలుగా గ్రైండ్ చేయాలి. ఎంత వాలు? మందానికి 12 రెట్లు. 6 మిల్లీమీటర్ల గోడ అయితే చిల్లు చుట్టూ 72 మిల్లీమీటర్ల వాలు. లోపలి వైపు మైనం రాసిన సన్మైకా ముక్క అడ్డం పెట్టండి. అన్నిటికన్నా పెద్ద మ్యాట్ ముక్క ముందు వేసి తరవాత చిన్నవి. పెద్దది పాత ఫైబర్‌ని మొత్తం తాకి పట్టుకుంటుంది, పైన గ్రైండ్ చేసినప్పుడు తెగదు. 450 మ్యాట్ ఒక పొర గట్టిపడ్డాక సుమారు ఒక మిల్లీమీటరు. మ్యాట్ బరువుకి రెండున్నర రెట్లు రెజిన్ పడుతుంది, రోవింగ్‌కి సమానంగా. ఒక చదరపు మీటరుకి మూడు పొరల మ్యాట్ అంటే మ్యాట్ 1.35 కిలోలు, రెజిన్ 3.4 కిలోలు. ఎక్కువ రెజిన్ పోస్తే బలం రాదు, పెళుసుతనమూ బరువూ వస్తాయి. ఇనప రోలర్ తిప్పి తెల్ల మచ్చలు పోయేదాకా గాలి తీయండి.

ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ పాత ఫైబర్‌కి ఇంకా గట్టిగా పడుతుంది. ఖరీదు ఎక్కువ కాబట్టి చిల్లులకీ బోల్టు రంధ్రాలకీ వాడితే చాలు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఎపాక్సీతో మామూలు మ్యాట్ వాడకండి, మ్యాట్‌ని పట్టి ఉంచే జిగురు స్టైరిన్‌లోనే కరుగుతుంది. రోవింగ్ వాడండి. ఎపాక్సీ మీద పాలియెస్టర్ జెల్‌కోట్ (పైన వేసే నున్నటి పూత) సరిగా గట్టిపడదు, దాని మీద పెయింటే వేయాలి.

ఇసుక మీదకి లాగే బోటుకి కీల్ (అడుగున పొడుగునా ఉండే వెన్ను) అరిగిపోతుంది. దానికి అదనంగా నాలుగు పొరలు వేయండి, అరగడానికే వేసినట్టు అనుకోండి. ఏటా చూసి మళ్లీ వేయాలి. రంగు గురించి రెండు మాటలు చాలు. రోజూ ఒడ్డెక్కే బోటుకి నాచు మందు రంగు దండగ. హార్బర్‌లో నీళ్లలోనే ఉండేదానికి తప్పనిసరి. రాగి ఉన్న ఆ రంగుని మోటారు కాలికి (నీళ్లలోకి దిగే భాగానికి) మాత్రం పూయకండి, అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఇప్పుడు మోటారుకి వద్దాం. మీ దగ్గర తూచిన బరువు ఉంది. ఉదాహరణకి 24 అడుగుల బోటు, ఖాళీ బరువు 600 కిలోలు. మోటారు, ఇంధనం 100. నలుగురు మనుషులు 280. వలలు 300. మంచు, చేప 500. మొత్తం 1,780 కిలోలు. ఈ బోటు నీటిలో తేలే పొడవు 22 అడుగులు. నీటిని కోసుకుంటూ వెళ్లే బోటుకి ఒక హద్దు వేగం ఉంటుంది. ఆ పొడవుకి వర్గమూలం తీసి 1.34తో గుణిస్తే నాట్లలో వస్తుంది. 22 వర్గమూలం 4.69, గుణిస్తే 6.3 నాట్లు, గంటకి 11.6 కిలోమీటర్లు. ఆ వేగానికి చేరాక బోటు తన అలనే ఎక్కలేక వెనక భాగం కుంగుతుంది. ఇంకా శక్తి పెడితే వేగం పెరగదు, అల పెరుగుతుంది.

ఆ 6 నాట్లకి టన్నుకి 4 హార్స్‌పవర్ లెక్కన 7 చాలు. గాలి, ఎదురు అల కోసం కొంత మిగులు పెడితే 9.9. అలని దాటి నీటి మీద జారుతూ పరిగెత్తాలంటే ఒక్కో హార్స్‌పవర్‌కి 25 కిలోలకి మించకూడదు. 1,780ని 25తో భాగిస్తే 71 హార్స్‌పవర్. చేప లేకుండా వెళ్లేటప్పుడు కూడా 51. మరి 40 పెట్టిన బోటు ఏమవుతుంది? జారదు, తేలికగానూ వెళ్లదు. ముక్కు పైకెత్తి, వెనక కుంగి, పెట్రోలు తాగుతూ ఉంటుంది. మన ఒడ్డున డబ్బు పోయేది ఇక్కడే. 9.9కి తగిన బోటుకి 9.9 పెట్టండి. గేలంతో వెళ్లే, మనుషులతో కలిపి 800 కిలోల తేలిక బోటు ఉంటే దానికి 40 సరిగ్గా సరిపోతుంది.

ఇంధనం లెక్క. పూర్తి లోడు మీద ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి పాత కార్బురేటర్ టూ స్ట్రోక్ అర లీటరు, ఫోర్ స్ట్రోక్ పెట్రోలు 0.33, డీజిల్ పావు లీటరు దగ్గర తాగుతాయి. 9.9లో ముప్పావు వంతు, అంటే 7.4 హార్స్‌పవర్ మీద 8 గంటలు నడిపితే టూ స్ట్రోక్ 30 లీటర్లు, ఫోర్ స్ట్రోక్ సుమారు 20, డీజిల్ 15. అందుకే ఇసుక మీద నుంచి దిగే బోట్లకి పొడవు షాఫ్ట్ డీజిల్ ఇంజన్ ఇప్పటికీ మంచి ఎంపిక. గాలితో చల్లబడే రకమైతే ఇసుక నీరు పీల్చదు, ఒడ్డు దగ్గర షాఫ్ట్ పైకెత్తేయొచ్చు. మోత, అదురు ఎక్కువ, తిప్పడం కష్టం. హార్బర్‌లో కట్టే బోటుకి, గేలం వేటకి అటూ ఇటూ తిరిగేదానికి ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (అమరం పలకకి బయట బిగించే మోటారు) హాయి.

మోటారు కాలి పొడవులు మూడు: 15, 20, 25 అంగుళాలు. అమరం పలక పై అంచు నుంచి కీల్ గీత దాకా నిలువునా కొలవండి. రెక్కపంకాకి పైనున్న అడ్డ పలక బోటు అడుగుకి సమానంగా కానీ, ఒకటి రెండు అంగుళాలు కిందికి కానీ ఉండాలి. పైకి ఉంటే అలలో గాలి పీల్చి ఇంజన్ ఒక్కసారిగా అరుస్తుంది. మరీ కిందికి ఉంటే ఈడ్పు పెరుగుతుంది. బిగించే రంధ్రాలు పెద్దవిగా తొలిచి, ఎపాక్సీతో పూడ్చి, మళ్లీ సరైన సైజులో తొలవండి. అప్పుడు బోల్టు ఎపాక్సీలో నుంచి వెళుతుంది, చెక్కని తాకదు. బోల్టులు 316 గ్రేడు స్టీలు, మూసే గమ్ పాలీయురేథేన్. సిలికాన్ వద్దు.

మోటారుతో వచ్చే పంకా తేలిక బోట్ల కోసం చేసింది, పిచ్ (ఒక్క చుట్టుకి పంకా ముందుకి వెళ్లాల్సిన దూరం) ఎక్కువ. లెక్క చూడండి. ఇంజన్ నిమిషానికి 5,500 చుట్లు, గేరు 2.08 (ఇంజన్ అన్ని చుట్లు తిరిగితే పంకా ఒక్క చుట్టు), పిచ్ 9 అంగుళాలు అయితే పంకా 19 నాట్లకి పైగా వెళ్లడానికి తిరుగుతోంది, బోటు వెళ్లేది 6. పిచ్ 7కి దించండి. దొరికితే గేరు 2.9 దగ్గర ఉండి పెద్ద పంకా తిప్పే హై థ్రస్ట్ రకం తీసుకోండి. బరువు బోటుకి అదే సరైనది. లోడుతో పూర్తి థ్రాటిల్ ఇచ్చి టాకోమీటరు చూడండి. కంపెనీ చెప్పిన హద్దు కన్నా చుట్లు తక్కువ వస్తే పిచ్ తగ్గించాలి. ఒక అంగుళానికి సుమారు 200 చుట్లు మారతాయి. తక్కువ చుట్లలో మూలుగుతూ నడిచే ఇంజన్ తొందరగా పోతుంది.

[సభలోంచి: "పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు కదండీ, దానికేం చెయ్యాలి?"]

మంచి ప్రశ్న అడిగావు బాబూ. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్. చాలా ఔట్‌బోర్డ్ కంపెనీలు ఒప్పుకునేది 10 శాతం వరకే. కొనేముందు ఆ మోడల్ పుస్తకంలో ఏముందో చూసి, డీలరు చేత రాయించుకోండి. ఇథనాల్ గాలిలో తేమని లాగుతుంది. నిలవ ఉంటే నీటితో కలిసి అడుక్కి దిగుతుంది, ఆ అడుగు నుంచే ఇంజన్ పీలుస్తుంది. వారానికి సరిపడా మాత్రమే కొనండి. 10 మైక్రాన్ల నీరు వేరుచేసే ఫిల్టరు పెట్టండి. పాత రబ్బరు పైపులు మార్చండి. బోటులోనే ఫైబర్‌తో కట్టిన ట్యాంకు ఉంటే వాడకండి, ఇథనాల్ రెజిన్‌ని మెత్తబరుస్తుంది.

[సభలోంచి: "కొత్త మోటారు రెండేళ్లకే గేరు పోతోంది, ఎందుకు?"]

ఎక్కువసార్లు కారణం వలతాడు, అన్నా. నైలాన్ దారం పంకా వెనక షాఫ్ట్‌కి చుట్టుకుని సీలుని కోస్తుంది, ఉప్పునీరు గేరు పెట్టెలోకి వెళుతుంది. నెలకోసారి పంకా విప్పి దారం తీయండి, షాఫ్ట్‌కి గ్రీజు రాయండి. గేరు ఆయిల్ మొదటి 20 గంటలకి, తరవాత ప్రతి 100 గంటలకి మార్చండి. పాలలా తెల్లగా వస్తే నీరు చేరింది, ఆ రోజే సీలు మార్పించండి. వేట నుంచి రాగానే మంచినీళ్లు పట్టి పది నిమిషాలు నడపండి. పక్క నుంచి వచ్చే నీటి ధార సన్నబడితే ఇసుక ఇంపెల్లర్‌ని (చల్లబరిచే నీరు తోడే చక్రాన్ని) తినేసిందని అర్థం, వెంటనే ఆపేయండి. మోటారుని ఉప్పునీరు తినకుండా కాసే జింక్ దిమ్మ సగం అరిగితే మార్చండి, దాని మీద రంగు వేయకండి. మోటారు మార్చినప్పుడు ఇంజను నంబరు మత్స్యశాఖ రిజిస్ట్రేషన్‌లో ఎక్కించడం కూడా జూన్ 14 లోపే చూసుకోండి.